బరంపురం వాచీల షాపు: ‘ఇంకా రెండే ఉన్నాయి’ బోర్డు తీసేశాక ఏం జరిగింది

కుటుంబాలు నడిపే చిన్న దుకాణాలకు వ్యాపార సలహాలు ఇవ్వడం నా వృత్తి. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి అడుగుపెడితే గంజాం, గజపతి జిల్లాల్లో తెలుగువాళ్ల షాపులు చాలానే ఉన్నాయి. నా దగ్గరకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది వాళ్లే. వాళ్లలో ఒక వాచీల షాపు కథ ఇది. లగ్జరీ వాచీ కంపెనీలు పనితనాన్ని, కొరతను చూపించి కొనేవాళ్లను ఎలా రప్పించుకుంటాయో చదివి, మనమూ అలాగే చేద్దామనుకునే వ్యాపారులు ఈమధ్య బట్టల్లో, నగల్లో, ఆఖరికి స్వీట్లలో కూడా కనిపిస్తున్నారు. అందరూ కొరతనే పట్టుకుంటున్నారు, పనితనం జోలికి వెళ్లడం లేదు. ఈ షాపులో రెండూ చూశాను కాబట్టి వివరంగా రాస్తున్నాను.

షాపు వాళ్ల అనుమతి తీసుకున్నాను. పేరు, వీధి, వాళ్లు అమ్మే బ్రాండ్లు చెప్పను. గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను.

నేపథ్యం

బరంపురం బజారులో మూడు తరాల షాపు. తాత రోజుల్లో షాపంటే ఒక బల్ల, ఒక ఐగ్లాస్ (కంటికి పెట్టుకునే భూతద్దం), నాలుగు పట్టకార్లు. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాంకేతిక సాయంతో బెంగళూరులో హెచ్‌ఎంటీ వాచీల తయారీ మొదలయ్యాక ఆయన అమ్మకం కూడా పెట్టారు. అప్పట్లో పెళ్లికొడుక్కి హెచ్‌ఎంటీ పెట్టాలంటే ముందుగా చెప్పిపెట్టుకోవాల్సి వచ్చేది. సరుకు సరిపడా వచ్చేది కాదు. అంటే నిజమైన కొరత ఎలా ఉంటుందో ఈ కుటుంబం ఎప్పుడో చూసింది.

తర్వాత సెల్లుతో నడిచే క్వార్ట్జ్ వాచీలు వచ్చాయి. 1984లో పుట్టిన టైటాన్ ఆ బాటలోనే దేశాన్ని గెలుచుకుంది. కీ ఇచ్చే వాచీలు వెనకబడ్డాయి. రెండో తరం ఆయన, ఇకపై ‘పెద్దాయన’ అంటాను, తండ్రి దగ్గర నేర్చిన పని చేతిలో ఉన్నా రోజంతా సెల్లులు మార్చడం, బెల్టులు బిగించడంతోనే గడిపేవారు. ఆయన బల్ల షాపు వెనక కర్టెన్ చాటున ఉండేది. కొడుకు విశాఖలో ఎంబీఏ చేసి తిరిగొచ్చాడు. షాపుకి ఏసీ పెట్టించి, అద్దాల షోకేసులు చేయించి, ఒక స్విస్ బ్రాండ్ డీలర్‌షిప్ తెచ్చాడు. ముప్పై వేల నుంచి లక్ష దాకా ధర పలికే వాచీలు.

సమస్య

నన్ను పిలిచేనాటికి ఆ స్విస్ వాచీలు కదలడం లేదు. జనం రావడం లేదని కాదు. వచ్చేవారు, చేతికి పెట్టుకుని చూసేవారు, ఫోన్ తీసి ఆన్‌లైన్ ధర చూసుకుని వెళ్లిపోయేవారు. డబ్బున్నవాళ్లు విశాఖలోనో, హైదరాబాద్‌లోనో, దుబాయ్ వెళ్లినప్పుడో కొనుక్కునేవారు. సరుకులో పెట్టిన అప్పుకి వడ్డీ పెరుగుతోంది. ఇంట్లో టెన్షన్ మొదలైంది. తండ్రి ‘ఆ సరుకు వెనక్కి పంపెయ్’ అంటాడు, కొడుకు ‘ఇంకో సీజన్ చూద్దాం నాన్నా’ అంటాడు.

అప్పటికే కొడుకు రెండు ప్రయత్నాలు చేసి ఉన్నాడు.

మొదటిది బోర్డు. ‘లిమిటెడ్ స్టాక్, ఇంకా రెండే ఉన్నాయి’ అని షోకేసులో పెట్టాడు, వాట్సాప్ స్టేటస్‌లో రోజులు లెక్కపెట్టాడు. అతని ఆలోచన ఇది: రోలెక్స్ కొనడానికి డబ్బున్నవాళ్లే పేరు రాయించుకుని ఎదురుచూస్తున్నారు, కాబట్టి దొరకదంటే కావాలనిపిస్తుంది. షోకేసులో రెండే పెట్టి మిగతావి బీరువాలో దాచాడు. కొన్నాళ్లకు పాత కస్టమర్ ఒకాయన, డాక్టరు, అందరి ముందూ అడిగేశాడు: “ఏమయ్యా, దసరాకీ రెండే, సంక్రాంతికీ రెండేనా?”

రెండోది సొంత ఎడిషన్. బయటి ఊళ్లో వాచీలు బిగించి ఇచ్చే ఒకతనితో వంద క్వార్ట్జ్ వాచీలు చేయించాడు. డయల్ మీద గుడి బొమ్మ, వెనక మూత మీద ఒకటి నుంచి వంద దాకా నంబర్లు. బంధువులు కొన్నారు, స్నేహితులు కొన్నారు, మిగతావి ఇప్పటికీ షాపులోనే ఉన్నాయి.

ఎందుకు పారలేదు

ఇక్కడ కొంచెం ఆగుతాను. ఈ కేసులో నా తర్కమంతా ఇక్కడే ఉంది.

రోలెక్స్ ఏడాదికి పది లక్షలకు పైగా వాచీలు తయారుచేస్తుందని పరిశ్రమలో అంచనా. స్విట్జర్లాండ్‌లో ఫిలిప్ డుఫో అనే కారీగరు తన ‘సింప్లిసిటీ’ వాచీలు చేసింది మొత్తం రెండు వందల చిల్లర మాత్రమే. రెండింటికీ ఎదురుచూసేవాళ్లు ఉన్నారు. అంటే ఎన్ని తయారవుతున్నాయన్నదాన్ని బట్టి కొరత ఏర్పడదు. కావాలనుకునేవాళ్లు తయారయ్యేవాటికంటే ఎక్కువైనప్పుడే కొరత. డుఫో విషయంలో ఒక మనిషి చేతులు చేయగలిగేది అంతే. రోలెక్స్ విషయంలో కావాలనుకునేవాళ్లను తయారుచేయడానికి దాదాపు వందేళ్లు పట్టింది: 1926లో నీళ్లు చొరబడని ఆయిస్టర్ కేసు (వాచీ బయటి డొప్ప), 1931లో చేతి కదలికతో దానంతటదే కీ ఎక్కే పర్పెచువల్ రోటర్, ఆ తర్వాత రోజుకు రెండు సెకన్లకు మించి అటూఇటూ కానివ్వమన్న సొంత ప్రమాణం. ఇవాళ్టి క్యూ వెనక అదంతా ఉంది.

కొడుక్కి రోలెక్స్ వాళ్ల డేటోనా మోడల్ సంగతి చెప్పాను. ఇప్పుడు డేటోనా దొరకడమే గొప్ప. కానీ 1960ల చివర్లో, 70ల్లో అవి షాపుల్లో దుమ్ము పట్టాయి. ముఖ్యంగా ఇప్పుడు నటుడు పాల్ న్యూమన్ పేరుతో పిలిచే డయల్ రకం అసలు పోయేది కాదు. 2017లో న్యూయార్క్ వేలంలో పాల్ న్యూమన్ సొంత డేటోనా 1.77 కోట్ల డాలర్లు దాటింది. ఆ రోజుల్లో ఏ డీలరైనా ‘ఇంకా రెండే’ అని బోర్డు పెట్టి ఉంటే కొనేవాళ్లు వచ్చేవారా? కొరత ఉందో లేదో అమ్మేవాడు చెబితే తేలదు, కొనేవాళ్లే తేల్చాలి.

పనితనం సంగతి మరోటి. 1969 డిసెంబర్ 25న జపాన్ కంపెనీ సీకో తన మొదటి క్వార్ట్జ్ చేతి వాచీ ఆస్ట్రాన్‌ను టోక్యోలో విడుదల చేసింది. టైమ్ చూపించే పనిలో చక్రాలు, స్ప్రింగుల వాచీ ఇక దానితో పోటీపడలేకపోయింది. స్విస్ వాచీ పరిశ్రమలో 1970లో సుమారు 90 వేల ఉద్యోగాలుంటే, 80ల మధ్యకి 30 వేల దగ్గరకు పడిపోయాయి. మిగిలినవాళ్లు నిలబడ్డది వేరే మాట మీద: ఇది టైమ్ కోసం కాదు, ఇందులో మనిషి చేసిన పని చూడండి, సర్వీసింగ్ చేయిస్తే మీ మనవడూ పెట్టుకుంటాడు. స్విస్ కంపెనీ పటెక్ ఫిలిప్ 1996 నుంచి ప్రకటనల్లో తండ్రీ కొడుకుల బొమ్మలతో ఇదే చెబుతూ వస్తోంది. ఆ మాట చెల్లడానికి దాని వెనక పని ఉంది. లోపలి చక్రాలను పట్టి ఉంచే బ్రిడ్జిల అంచులు ఏటవాలుగా చెక్కి చేత్తో పాలిష్ పెడతారు. మూత వేసేస్తే ఎవరికీ కనబడని ప్లేటు మీద కూడా గుండ్రటి గీతలు వేస్తారు. దశాబ్దాల కిందటి వాచీ తెచ్చినా తీసుకుని బాగుచేసి ఇస్తారు. 1972లో ఆడెమా పిగే అనే మరో స్విస్ కంపెనీ ‘రాయల్ ఓక్’ అనే స్టీలు వాచీని బంగారు వాచీల ధరకు పెట్టినప్పుడు, దాని కేసు మీద, చైను లింకుల మీద చేసిన ఫినిషింగే దానికి జవాబు. అయినా మొదట్లో అది నెమ్మదిగానే పోయింది.

వీటి పక్కన మనవాడి వంద వాచీలు పెట్టి చూస్తే లోటు కనబడుతుంది. లోపల కొన్ని వందల రూపాయల మిషన్. నంబరు తప్ప దానిలో ఎవరి చేతి పనీ లేదు. ఈ ఊళ్లో పట్టుచీర కొనేవాళ్లు అంచు తిప్పి వెనకవైపు నేత చూస్తారు, వాచీని కూడా అలాగే తిప్పి చూశారు. వెనక నంబరు ఉంది, నేత లేదు.

బోర్డు ఆ రోజే తీయించాను. దాచిన సరుకంతా షోకేసులోకి తెచ్చాం. అబద్ధం అలాగే ఉంటే తర్వాత నిజం చెప్పినా ఎవరూ నమ్మరు, ముఖ్యంగా అందరికీ అందరూ తెలిసిన ఊళ్లో. డిస్కౌంట్ యుద్ధం కూడా వద్దన్నాను. ఆన్‌లైన్‌తో ధరలో పోటీపడేంత మార్జిన్ వాళ్లకు లేదు.

ఈ షాపులో నిజంగా కొరతగా ఉన్నదేమిటి?

చాలాసేపు షాపులో కూర్చుని చూశాను. స్విస్ వాచీ హైదరాబాద్‌లోనూ దొరుకుతుంది. ఏసీ ఎక్కడైనా ఉంటుంది. ఆ చుట్టుపక్కల ఇంకెక్కడా దొరకనిది కర్టెన్ వెనక ఉంది. కీ ఇచ్చే వాచీని పూర్తిగా విప్పి, కడిగి, నూనె వేసి, టైమ్ సరిచేయగల చెయ్యి. అలాంటి చేతులు ఇప్పుడు గోపాల్‌పూర్ నుంచి పర్లాకిమిడి దాకా చాలా తక్కువ.

దానికి తోడు హెచ్‌ఎంటీ. 2016 జనవరిలో కేంద్ర కేబినెట్ హెచ్‌ఎంటీ వాచెస్ మూసివేతకు ఆమోదం తెలిపింది. జనతా, పైలట్ లాంటి హెచ్‌ఎంటీ మోడళ్లు ఆనాటిలా ఇక తయారు కావు, కానీ బరంపురంలో ఏ పాత ఇంటి బీరువా తెరిచినా ఒకటి దొరుకుతుంది. తాతది, నాన్న రిటైర్‌మెంటుది, పెళ్లిలో పెట్టింది. ఆ ఇంటివాళ్లకు దాని విలువ ధరలో లేదు. స్విస్ కంపెనీలు కోట్లు ఖర్చుపెట్టి ప్రకటనల్లో చెప్పే తరాల కథ ఇక్కడ డ్రాయర్లలో తుప్పు పడుతోంది. సముద్రం దగ్గర కదా, ఉప్పు గాలికి, చెమటకి మొదట పోయేది కీ తిప్పే కాడ.

అందుకే నా సలహా ఇది: పెద్దాయన బల్లను షాపు ముందుకు తేవాలి, హెచ్‌ఎంటీ పునరుద్ధరణను షాపు ప్రధాన పనిగా పెట్టాలి, స్విస్ అమ్మకం దాని వెనకే నడవాలి.

పెద్దాయన ఒప్పుకోలేదు. “జనం మీదపడి చూస్తుంటే చెయ్యి కుదరదు మాస్టారూ. దుమ్ము ఒకటి.” ఆయన అభ్యంతరం న్యాయమైనదే. హెయిర్ స్ప్రింగ్ (వాచీ వేగాన్ని నిర్ణయించే వెంట్రుకంత సన్నటి స్ప్రింగ్) మీద పనిచేసేటప్పుడు పక్కన ఎవరో దగ్గినా పట్టకారు జారుతుంది. అద్దంతో చిన్న గది కట్టించాం, లోపలికి ఎవరూ రాకూడదని, ఉదయం ఎండ బాగున్న వేళ మాత్రమే ఆయన అక్కడ కూర్చోవాలని, ఆ సమయంలో సెల్లుల పని కొడుకే చూసుకోవాలని అనుకున్నాం.

మొదట తేడా కొట్టినవి

కొడుకు తండ్రి చేతులు చూపిస్తూ రీల్స్ పెట్టాడు. లక్షల్లో చూశారు. షాపుకి వచ్చినవాళ్లలో ఎక్కువమంది అడిగింది ఒకటే: ‘మా తాత వాచీ ఎంత పలుకుతుంది?’ పెద్దాయన పొద్దంతా వాచీల మూతలు తీసి చూపించడంతోనే సరిపోయేది. చూడటానికి చిన్న ఫీజు పెట్టించాను, పని చేయించుకుంటే బిల్లులో తగ్గించేలా. ఊరికే అడిగేవాళ్లు తగ్గిపోయారు.

ధర దగ్గర తండ్రీకొడుకులకు పేచీ వచ్చింది. పెద్దాయన అలవాటు ప్రకారం మూడు వందలు అన్నారు, కొడుకు అయిదు వేలు అన్నాడు. ఒక వాచీకి ఎంత పని పడుతుందో ఇద్దరినీ కూర్చోబెట్టి లెక్క రాయించాను. విప్పి, కడిగి, బిగించి, నూనె వేయడానికి దాదాపు సగం రోజు. ఆ తర్వాత కొన్ని రోజులు రకరకాల భంగిమల్లో ఉంచి టైమ్ గమనించాలి. సెల్లు మారిస్తే వచ్చే డబ్బుతో పోలిస్తే మూడు వందలు నష్టం. అయిదు వేలైతే మామూలు ఉద్యోగి ఇంటివాడు వాచీని మళ్లీ బీరువాలో పెట్టేస్తాడు. రెండున్నర వేల దగ్గర ఆగాం. విడిభాగాల ఖర్చు వేరే.

పనిచేసినవి

ఒక ఉదయం నేను అక్కడే ఉన్నాను. రైల్వేలో చేసి రిటైరైన ఒకాయన తన హెచ్‌ఎంటీ పైలట్ తెచ్చాడు. గంటకి పది నిమిషాలు ముందుకి పరిగెడుతోంది. మరో షాపులో మిషన్ మార్చాలన్నారట. పెద్దాయన మూత తీసి ఐగ్లాస్ పెట్టుకుని చూశారు. ఆ మిషన్ సెకనుకి అయిదుసార్లు కొట్టుకుంటుంది, గంటకి 18,000. అంత ముందుకి పోతోందంటే హెయిర్ స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి అంటుకున్నట్టే. పక్కన దిక్సూచి పెట్టారు, ముల్లు వణికింది. మాగ్నెట్ పట్టింది. చిన్న యంత్రం మీద పెట్టి స్విచ్ నొక్కి మెల్లగా పైకి లేపారు. చుట్లు విడిపోయాయి. వాచీ వేగాన్ని కొలిచే టైమింగ్ మెషిన్ తెర మీద చెదిరిన చుక్కలు ఒక గీతలోకి వచ్చాయి. అద్దం బయట నిలబడినవాళ్లు అది చూశారు.

ఆయన డబ్బు ఎంత అంటే పెద్దాయన తీసుకోలేదు. “ఇది రిపేరు కాదండీ. స్పీకర్ పక్కన, ఫోన్ పక్కన పెట్టకండి, అంతే.” కొన్ని నెలల తర్వాత ఆ రైల్వే ఆయన కూతురి పెళ్లికి అల్లుడి వాచీ ఇక్కడే కొన్నాడు. షోకేసులో ఏడాదిగా కదలని స్విస్ వాచీ. ఆన్‌లైన్ ధర కూడా చూసుకున్నాడు, అయినా ఇక్కడే తీసుకున్నాడు. కారణం అడిగాను. “రేపు ఏదైనా అయితే వాడు ఎక్కడికి తీసుకెళ్లాలో తెలియాలి కదా” అన్నాడు.

రెండో పని కాగితం. హెచ్‌ఎంటీకి గిరాకీ పెరిగాక మార్కెట్లో పాత మిషన్‌కి కొత్త డయల్ అచ్చువేసి, రంగులు కొట్టి, ఏ కంపెనీదో తెలియని ముళ్లు పెట్టి అసలుదని అమ్మేవాళ్లు పెరిగారు. ఈ షాపు ప్రతి వాచీతో ఒక చిన్న పుస్తకం ఇస్తుంది. డయల్ అసలుదా, మార్చిందా, ఏ భాగం వేరే వాచీ నుంచి వేశారు, సర్వీసింగ్‌కు ముందు, తర్వాత రోజుకి ఎన్ని సెకన్ల తేడా, లోపలి ఫొటో. మార్చిన భాగం పేరు రాస్తే విలువ తగ్గుతుందేమోనని కొడుకు భయపడ్డాడు. నా వాదన ఏమిటంటే, స్విట్జర్లాండ్‌లో ఒక మిషన్‌ను క్రోనోమీటర్ (టైమ్ కచ్చితంగా చూపిస్తుందని పరీక్షలో నెగ్గినది) అనాలంటే కాస్క్ అనే సంస్థ 15 రోజులు, అయిదు భంగిమల్లో, మూడు ఉష్ణోగ్రతల్లో పరీక్షిస్తుంది. పనితనానికి బయటినుంచి రుజువు కావాలన్నదే దాని ఉద్దేశం. మనకు కాస్క్ లేదు, రాతే మన రుజువు. ఆ పుస్తకం చూసి దూరం నుంచి వాచీలు పంపేవాళ్లు వచ్చారు.

మూడోది రిజిస్టరు. పెద్దాయన తొందరపడకుండా నెలకి ఎన్ని చేయగలరో ఆయన్నే అడిగాం. ఎనిమిది అన్నారు. తొమ్మిదోదాన్ని తీసుకోవడం లేదు, వచ్చే నెల పేజీలో రాస్తున్నారు. ఆ రిజిస్టరు కౌంటర్ మీద తెరిచే ఉంటుంది. పేర్ల బదులు టోకెన్ నంబర్లు, తేదీలు. ఎవరైనా చూసుకోవచ్చు. కొన్నాళ్లకు క్యూ నాలుగు నెలలకు చేరింది. ఈసారి బోర్డు అక్కర్లేకపోయింది.

స్విస్ సరుకు సగానికి తగ్గించాం. వెనక అద్దం ఉండి లోపల మిషన్ కనిపించే మోడళ్లు ఉంచి, మిగతావి కంపెనీతో మాట్లాడి మార్చుకున్నాం. వారంటీలో ఉన్న వాచీ మూత షాపులో తీయకూడదు, తీస్తే వారంటీ పోతుంది. అందుకే వెనక అద్దం ఉన్నవే నయం. కొడుకు ఇప్పుడు కస్టమర్ చేతికి ఐగ్లాస్ ఇస్తాడు. ఒకవైపు హెచ్‌ఎంటీ మిషన్, మరోవైపు స్విస్ మిషన్. ఎక్కడ పాలిష్ ఉంది, ఎక్కడ లేదు, ఆ తేడాకి ఎంత డబ్బు పెడుతున్నారు, అన్నీ చెబుతాడు. కొందరు చూసి ఇంత తేడా లేదనుకుని వెళ్లిపోతారు. వెళ్లనివ్వమన్నాను. తెలిసి కొన్నవాడు ధర దగ్గర బేరమాడడు, వస్తువు వెనక్కి తేడు.

క్యూ వచ్చాక పెట్టిన పరీక్ష

ఒక నగల వ్యాపారి తన తండ్రి వాచీ పండక్కి కావాలని, రెట్టింపు ఇస్తానని, క్యూలో ముందుకి జరపమని అడిగాడు. కొడుక్కి ఆశ కలిగింది. అతను పెద్ద కస్టమర్ కూడా.

లగ్జరీ వాచీల లోకంలో ఈ జబ్బు బాగా ఉంది. కొందరు డీలర్లు అడిగిన వాచీ ఇవ్వాలంటే ముందు కదలని సరుకు కొనమంటారు. కొన్నవాడు ఆ వాచీని మర్నాడే లాభానికి అమ్మేస్తాడు. 2022 మొదట్లో సెకండ్‌హ్యాండ్ ధరలు శిఖరానికి వెళ్లి తర్వాత పడ్డాయి. అప్పుడు దెబ్బతిన్నది పెట్టుబడి అనుకుని కొన్నవాళ్లు. వాచీ మీద ఇష్టంతో కొన్నవాళ్ల చేతికి ఆ వాచీ అలాగే ఉంది. క్యూను అమ్మడం మొదలుపెడితే మన క్యూ కూడా సరుకైపోతుంది, తెరిచిన రిజిస్టరుకి అర్థం ఉండదు. ఒక్క మినహాయింపు మాత్రమే పెట్టుకుందామన్నాను: చాలా పెద్దవయసులో ఉన్న మనిషి సొంత వాచీ అయితే, క్యూలో ఉన్నవాళ్లకు ఫోన్ చేసి అడిగి ముందుకి తేవచ్చు. డబ్బుకి మాత్రం కాదు. నగల ఆయన అలిగి వెళ్లిపోయాడు. తర్వాత వచ్చి మామూలుగానే పేరు రాయించుకున్నాడు.

ఇప్పటి స్థితి

పెద్దాయనకి శుక్లాల ఆపరేషన్ అయినప్పుడు రిజిస్టరు మూసేశారు. ఎందుకు మూశారో కాగితం మీద రాసి అతికించారు, టోకెన్ ఉన్న ప్రతివాళ్లకీ ఫోన్ చేసి, కావాలంటే వాచీ తీసుకెళ్లిపొమ్మన్నారు. కొందరు తీసుకెళ్లారు. ఎక్కువమంది ఉంచేశారు. ఈ కేసులో నన్ను బాగా ఆలోచింపజేసింది ఇదే, ఎందుకంటే మొత్తం వ్యాపారం ఒక్క మనిషి కళ్ల మీద నడుస్తోందని ఆ నెలల్లో అందరికీ అర్థమైంది.

దానికి ఇంకా పూర్తి జవాబు దొరకలేదు. వాచీ విప్పడం, కడగడం కొడుకు నేర్చుకున్నాడు. ఐటీఐ చదివిన ఒక అమ్మాయిని జీతం మీద శిక్షణకు పెట్టుకున్నారు. ఆమె చెయ్యి నిదానంగా ఉంది, పెద్దాయనకి నచ్చింది. బ్యాలెన్స్ (అటూఇటూ ఊగే చక్రం), హెయిర్ స్ప్రింగ్ పని మాత్రం ఇప్పటికీ ఆయనదే. నెలకి ఎనిమిదిని పన్నెండు చేద్దామని కొడుకు అడుగుతున్నాడు. ఆ అమ్మాయి చేసిన వాచీ తండ్రి చూడకుండా బయటికి వెళ్లగలిగే రోజు వచ్చాకే ఆ అంకె మార్చమని చెప్పాను. విడిభాగాల కోసం చెడిపోయిన హెచ్‌ఎంటీలు కొని పెట్టుకుంటున్నారు. వాటి ధర ఏటా పెరుగుతోంది కాబట్టి రెండున్నర వేల రేటును వచ్చే సీజన్‌కి ముందు మళ్లీ లెక్కవేయాలి.